ఎదురు బస్సుకు ఎత్తిన చెయ్యి

బస్సు వెడల్పు సుమారు రెండున్నర మీటర్లు. ఒంటివరుస తారు రోడ్డు వెడల్పు, మన దేశపు ప్రమాణాల ప్రకారం, 3.75 మీటర్లు. అలాంటి రోడ్డు మీద రెండు బస్సులు ఎదురుపడితే ఎలా కూడినా లెక్క కుదరదు. ఒకటైనా, చాలాసార్లు రెండూ, ఎడమ చక్రాలను తారు దింపి మట్టిలో పెట్టాల్సిందే. వానాకాలంలో నల్లరేగడి నేల మీద ఆ పని చేయడానికి గుండె ధైర్యం ఉండాలి. మట్టి ఎంత నానిందో, బండిలో ఎంతమంది ఉన్నారో, పక్కన కాలువ ఎంత లోతో చూసుకోవాలి. ఎవరు ముందు దిగాలి, ఎవరు నెమ్మదించాలి అన్నది క్షణాల్లో తేలిపోవాలి. ఇంజను మోతలో మాట వినబడదు. కాబట్టి చెయ్యే తేలుస్తుంది. దాటిపోయేటప్పుడు మళ్లీ అదే చెయ్యి లేస్తుంది, ఈసారి థాంక్స్ చెప్పడానికి.

బోధన్ నుంచి బిలోలికి ముప్పై కిలోమీటర్ల లోపే దూరం. మంజీర ఒడ్డున సాలూరు, తెలంగాణ వైపు చివరి ఊరు. వంతెన దాటితే యెస్గి, ఆ తర్వాత బిలోలి. నాందేడ్ జిల్లాలో తాలూకా కేంద్రమైన ఈ ఊళ్లో షాజహాన్ కాలపు రాతి మసీదు ఉంది, మహారాష్ట్ర వాళ్ల ఆర్టీసీ అయిన ఎస్టీ డిపో ఉంది. సంతలో మరాఠీ, తెలుగు, దక్కనీ ఒకే బేరంలో దొర్లుతుంటాయి. నిజామాబాద్ నుంచి బోధన్, బిలోలి, నర్సీ మీదుగా నాందేడ్ వెళ్లే ఆర్టీసీ బస్సుకు, అటునుంచి వచ్చే ఎస్టీ బస్సు ఈ దారిలోనే ఎక్కడో తగులుతుంది. ఒక డ్రైవరు జీతం హైదరాబాద్ లెక్కల్లోంచి వస్తుంది, ఇంకొకరిది ముంబయి లెక్కల్లోంచి. యూనిఫారం మీద ఉన్న అక్షరాలు ఒకరివి ఒకరు చదవలేకపోవచ్చు కూడా. అయినా స్టీరింగు మీంచి కుడిచెయ్యి లేస్తుంది. ఒక్కోసారి చెయ్యి కూడా కాదు, నాలుగు వేళ్లు లేచి మళ్లీ పట్టు మీదికి వస్తాయి.

రెండూ ఎర్ర బస్సులుగా పేరుపడ్డవే. మన దగ్గర ఎవరినైనా పల్లెటూరి అమాయకుడని ఎగతాళి చేయాలంటే ఎర్రబస్సు ఎక్కి వచ్చాడంటాం. మరాఠీవాళ్లు తమ ఎస్టీని లాల్ డబ్బా అని వెక్కిరిస్తారు, ప్రేమ పుట్టినప్పుడు లాల్ పరీ అంటారు. రంగు కలిసిందని చెయ్యి ఊపుకుంటున్నారనుకుంటే పొరపాటు. ఆ రెండు బస్సుల చుట్టరికం రంగు కన్నా పాతది. దానికోసం నిజాం రైల్వే దాకా వెనక్కి వెళ్లాలి.

అంతకంటే ముందు ఈ నేల మీద ఎడ్లబండ్లదే రాజ్యం. మొగలుల దక్కను దండయాత్రల కాలంలో సైన్యాలకు ధాన్యం మోసింది బంజారాల ఎద్దుల బిడారాలు. నాందేడ్ జిల్లాలో ఇప్పటికీ ఉన్న తండాలు ఆ సంచారం నిలిచిపోయిన చోట్లు. తర్వాత రోజుల్లో ఊళ్ల మధ్య ధాన్యం, పత్తి, చెరకు బండ్ల మీదే కదిలాయి. ఇరుసు కింద లాంతరు వేలాడదీసుకుని వరసగా సాగే బండ్లలో ముందున్నవాడు మేలుకుంటే చాలు, వెనకవాళ్లు కునుకు తీసినా ఎడ్లు దారి తప్పవు. ఎదురుబండి వస్తే పలకరింపు నోటితోనే. రాం రాం అనో, సలాం అనో మొదలుపెట్టి ఎక్కడినుంచి, ఎక్కడికి, జొన్న ధర ఎంత, ముందు వాగులో నీళ్లున్నాయా అని అడిగేదాకా రెండు బండ్లూ ఒకదానికొకటి మాటల దూరంలోనే ఉంటాయి. గంటకు మూడు నాలుగు కిలోమీటర్ల నడకలో అది సాధ్యం. రెండు బస్సులు గంటకు 50 కిలోమీటర్ల చొప్పున ఎదురెదురుగా వస్తే సెకనుకు 28 మీటర్లు దగ్గరవుతాయి. ఒక కిటికీ ఇంకో కిటికీ ఎదురుగా ఉండేది కన్ను మూసి తెరిచేంతసేపు. అంతసేపట్లో రాం రాం కూడా పూర్తి కాదు. మోటారు వచ్చి నోటి పని చేతికి అప్పగించింది.

1932లో హైదరాబాదు సంస్థానం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రభుత్వ రోడ్డు రవాణా మొదలుపెట్టింది. స్కాట్లండులో తయారైన ఆల్బియన్ బస్సులు దిగాయి. విశేషమేమిటంటే వాటిని నడిపింది రైల్వే. ఆ శాఖ పేరే నిజాం స్టేట్ రైల్ అండ్ రోడ్ ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్. రైలుబండి పట్టాలు లేని ఊళ్లకు కూడా టికెట్టు అమ్మాలని, ప్రైవేటు మోటార్ల పోటీని తట్టుకోవాలని రైల్వేలు తంటాలు పడుతున్న రోజులవి. సికిందరాబాద్ నుంచి బాసర, ధర్మాబాద్, నాందేడ్ మీదుగా మన్మాడ్ దాకా మీటరు గేజి లైను 1900 ప్రాంతానికే వచ్చేసింది. గోదావరి లోయ రైల్వే అనేవారు దాన్ని. బిలోలికి మాత్రం పట్టాలు రాలేదు. ఇప్పటికీ లేవు. ఇలాంటి ఊళ్లకు బస్సు అంటే రైల్వేకు మొలిచిన చెయ్యి.

రైల్వేలో చెయ్యి ఎత్తడం మర్యాద కాదు, డ్యూటీ. స్టేషన్లో ఆగకుండా బండి పోతుంటే స్టేషన్ మాస్టరు ఆకుపచ్చ జెండా పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడతాడు, ఇంజను డ్రైవరు చెయ్యి చూపి జవాబిస్తాడు, చివర గార్డు కూడా చూపిస్తాడు. ఒకరి బండిని ఇంకొకరు తేరిపార చూసి, వేలాడే గొలుసు గాని, కాలుతున్న ఇరుసు గాని, తెరుచుకున్న తలుపు గాని లేదని తేల్చుకున్న తర్వాత ఇచ్చుకునే ఆల్‌రైట్ సంకేతం అది. ఎదురు లైనులో ఒకదాన్నొకటి దాటే బండ్ల సిబ్బంది కూడా ఇలాగే చూసుకుంటారు. జెండా లేకపోతే చేతులతోనే చెప్పాలని జనరల్ రూల్స్ చెబుతాయి. ఒక చెయ్యి కదలకుండా చాపితే వెళ్లొచ్చని. అదే చెయ్యి పైకీ కిందికీ ఊపితే జాగ్రత్తగా రమ్మని. రెండు చేతులూ తలమీదికి ఎత్తితే ఆగమని. పిల్లలు పొలంగట్టు మీద నిలబడి రైలుకు రెండు చేతులూ ఊపితే డ్రైవరు గుండె ఒక్కసారి ఝల్లుమంటుందంటే అందుకే.

1932 నుంచి 1951 దాకా, దాదాపు ఇరవై ఏళ్లు, సంస్థానపు బస్సు సిబ్బంది ఈ రైల్వే నీడలోనే పనిచేశారు. టైంటేబుల్, టికెట్టు పద్ధతి, డిపో క్రమశిక్షణ ఆ ఇంటినుంచి వచ్చినవే. ఎదురుబండిని దాటేటప్పుడు చూడటం, చూశానని చెయ్యెత్తి చెప్పడం కూడా అక్కడినుంచే వచ్చిందనడానికి కాగితం చూపించలేం గాని, ఒకే యజమాని కింద ఒకరు పట్టాల మీద, ఇంకొకరు తారు మీద ఇరవై ఏళ్లు నడిస్తే ఒకరి అలవాటు ఇంకొకరికి అంటకుండా ఉంటుందా?

రోడ్డు మీద చేతికి చట్టం కూడా పని పెట్టింది. బండ్లకు ఇండికేటర్ దీపాలు మామూలవకముందు డ్రైవరు కుడిచెయ్యే దీపం. 1939 మోటారు వాహనాల చట్టంలో చేతి సంకేతాలు ఉన్నాయి. 1988 చట్టం కింద వచ్చిన 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనూ ఉన్నాయి. కుడిచెయ్యి బయటికి చాపి అరచెయ్యి కిందికి పెట్టి పైకీ కిందికీ ఆడిస్తే బండి నెమ్మదిస్తోంది. మోచెయ్యి మడిచి నిటారుగా ఎత్తితే ఆగుతోంది. అరచెయ్యి ముందుకు పెట్టి అడ్డంగా చాపితే కుడికి తిరుగుతోంది. గుండ్రంగా తిప్పితే ఎడమకి. చాపిన చేతిని ముందుకీ వెనక్కీ ఊపితే వెనకవాడికి సైడిచ్చినట్టు. పాతకాలం డ్రైవర్లు కిటికీ చట్రం మీద మోచెయ్యి ఆనించి కూర్చోవడం ఠీవి కోసం కాదు. ఆ చెయ్యి ఎప్పుడూ ఉద్యోగంలో ఉండేది.

బండి కట్టుబడి కూడా అందుకు కలిసొచ్చింది. మన దగ్గర స్టీరింగు కుడివైపు, నడక ఎడమవైపు. కాబట్టి ఎదురుపడిన ఇద్దరు డ్రైవర్లూ రోడ్డు నడిమిగీత పక్కన, కిటికీకి కిటికీగా వస్తారు. గేరు మార్చేది ఎడమచెయ్యి. కుడిచేతికి కాసేపు సెలవివ్వొచ్చు. పవర్ స్టీరింగు లేని రోజుల్లో ఆ సెలవు కూడా కొంచెమే దొరికేది. గుంతల రోడ్డు మీద నిండు బస్సు స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకోకపోతే అది విదిలించుకునేది. అందుకే ముసలి డ్రైవర్ల పలకరింపు వేళ్లకే పరిమితం. వేళ్లు మాత్రం లేపి వదిలేసే పెద్దాయన్ని చూసి పొగరనుకున్న కొత్త డ్రైవరుకు, ఆ తరం పట్టుకున్న స్టీరింగు ఒకసారి ఇచ్చి చూస్తే సంగతి తెలుస్తుంది.

1951 నవంబరు 1న రోడ్డు రవాణా శాఖ రైల్వేనుంచి విడిపడి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. అయిదేళ్లకే రాష్ట్రం కూడా మూడు ముక్కలైంది. 1956 పునర్విభజన చట్టం ఈ ప్రాంతంలో గీసిన గీతను చూస్తే దాన్ని జిల్లాలుగా కూడా గీయలేదని తెలుస్తుంది. రెవెన్యూ సర్కిళ్లు లెక్కపెట్టి గీశారు. నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రానికి వెళ్లింది. కాని అందులోంచి దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లను, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్లను తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. అదిలాబాద్ జిల్లానుంచి కిన్వట్, రాజూరా తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిలు అటు వెళ్లాయి. బిలోలి నాందేడ్‌తోనే ఉండిపోయింది. 1960లో మహారాష్ట్ర అయింది. అత్తగారి ఊరు ఒక రాష్ట్రం, పుట్టింటి ఊరు ఇంకో రాష్ట్రం అయిన ఇళ్లు ఇటూ అటూ కోకొల్లలు.

బస్సులు కూడా విడిపోయాయి. తెలంగాణ వైపువి 1958 జనవరి 11న ఏర్పడిన ఏపీఎస్సార్టీసీలో చేరాయి. మరాఠ్వాడా వైపువి బొంబాయి రాష్ట్రానికి పోయి, పాత బొంబాయి కార్పొరేషను, విదర్భ సర్వీసులతో కలిసి ఎంఎస్సార్టీసీ అయ్యాయి. ఎస్టీ తన పుట్టినరోజును 1948 జూన్ 1న పుణె నుంచి అహ్మద్‌నగర్ వెళ్లిన తొలి బస్సుతో లెక్కపెట్టుకుంటుంది. దాన్ని నడిపిన కిసన్ రావుత్, టికెట్లు కొట్టిన లక్ష్మణ్ కేవటే పేర్లను మహారాష్ట్రలో ఇప్పటికీ తలుచుకుంటారు. కాని బిలోలి రోడ్డుకు సంబంధించినంతవరకు ఎస్టీ తల్లి పుణె కాదు, హైదరాబాద్. సాలూరు వంతెన మీద ఎదురయ్యే రెండు బస్సులు ఒకే శాఖ కడుపున పుట్టి వేరు కాపురం పెట్టినవి. 1956 నవంబరు 1కి ముందురోజు దాకా ఈ దారిలో బస్సు నడిపినవాళ్లందరికీ పైఅధికారి ఒక్కడే. రాష్ట్రాల పేర్లు మారినప్పుడు డ్రైవర్లు ఒకరినొకరు పలకరించుకోవడం మానేయాలని ఏ జీవోలోనూ రాయలేదు.

ఈ చుట్టరికానికి చిత్రమైన ముడులు ఇంకా ఉన్నాయి. 2023 మార్చిలో మహారాష్ట్ర ఎస్టీలో ఆడవాళ్లకు సగం టికెట్టు చేసింది. అదే ఏడాది డిసెంబరు 9న తెలంగాణ ఆర్టీసీలో ఉచితం చేసింది, అయితే రాష్ట్రపు హద్దుదాకానే. బోధన్‌లో బస్సెక్కి బిలోలి వెళ్లే ఆడమనిషికి వంతెన ఇవతల ఒక లెక్క, అవతల ఇంకో లెక్క. కండక్టరు మిషనుకు ఇది తెలుస్తుంది. ముందు సీట్లో ఉన్న డ్రైవరు చేతికి ఆ తేడా అక్కర్లేదు.

లారీల సంగతి వేరు. లారీ డ్రైవర్ల సంకేతాల్లో స్నేహం ఎంతో, స్వార్థం అంత. మంజీర ఇసుక, చక్కెర, పత్తి, సోయాబీను, ఏది మోసినా సరిహద్దు దాటేవాడికి ముందు కావలసింది కబురు. చెక్‌పోస్టు దగ్గర ఎవరున్నారు, తూకం పట్టుకుంటున్నారా, వరుస ఎంత పొడవుంది? ఎగువన నిజాంసాగర్ గేట్లు ఎత్తారా అన్నది కూడా వానాకాలంలో కబురే. 1931 నుంచీ మంజీర ఆ గేట్ల దయ మీదే ఉంది. సెల్‌ఫోను రాకముందు ఇదంతా ఎదురులారీ హెడ్‌లైటులోంచి రావాల్సిందే. పట్టపగలు లైటు రెండుసార్లు కొట్టి అరచెయ్యి కిందికి నొక్కినట్టు చూపిస్తే, నెమ్మదిగా పో, ముందు ఎవరో ఉన్నారని. చెయ్యి గాలిలో అలా అనేస్తే దారి ఖాళీ అని. ఉస్తాదు చూడకపోయినా పక్కన క్లీనరు చూసి చెబుతాడు. నాందేడ్ గురుద్వారాకు వచ్చిపోయే పంజాబీ లారీవాళ్లకు మన భాష రాకపోయినా ఈ సంజ్ఞలు మాత్రం వచ్చు.

పోలీసులున్నారని చెప్పడం నేరమా అన్న ప్రశ్న ఇంగ్లండులో 1910లోనే కోర్టుకెక్కింది. అక్కడ 1905లో పుట్టిన ఆటోమొబైల్ అసోసియేషన్ తొలి పని సభ్యులను పోలీసుల స్పీడు వలలనుంచి కాపాడటం. సైకిళ్ల మీద తిరిగే దాని మనుషులు ముందు పోలీసులున్నారని కార్లను హెచ్చరించేవాళ్లు. వేగంగా వచ్చేవాణ్ని అలా హెచ్చరించడం పోలీసుల పనికి అడ్డు తగలడమేనని బెట్స్ వర్సెస్ స్టీవెన్స్ కేసులో తీర్పు వచ్చింది. అసోసియేషన్ అప్పుడు పద్ధతిని తలకిందులు చేసింది. బ్యాడ్జి ఉన్న ప్రతి కారుకూ దాని మనుషులు సెల్యూట్ కొట్టాలి. కొట్టకపోతే, ఎందుకు కొట్టలేదో ఆగి అడగండి అని సభ్యులకు చెప్పింది. పోలీసులున్న చోట సెల్యూట్ ఉండదు. చెయ్యి ఎత్తనందుకు ఎవరినీ ఏ కోర్టూ శిక్షించలేదు కదా. 1960ల దాకా ఆ సెల్యూట్ నడిచింది. మర్యాద ముసుగులో ఇంత తెలివైన గూఢచర్యం ఇంకెక్కడా జరిగి ఉండదు.

రాత్రి లారీల భాష దీపం. లారీ వెనక రాసి ఉండే డిప్పర్ మాట మీద 2016లో టాటా మోటార్స్ ఒక చమత్కారం చేసింది. లారీ డ్రైవర్లలో హెచ్ఐవీ నివారణ కోసం టీసీఐ ఫౌండేషన్‌తో కలిసి డిప్పర్ అనే పేరుతోనే కండోములు తెచ్చింది. రాత్రిపూట డిప్పర్ వాడండి అని దశాబ్దాలుగా లారీల వెనక ఉచితంగా రాసి ఉన్న వాక్యమే వాటికి ప్రకటన అయింది. రోడ్డు మీద మాత్రం డిప్పర్‌కు ఉన్న పాత అర్థం పోలేదు. నీ వెలుగు నా కళ్లలో పడుతోంది, నేను దించాను, నువ్వూ దించు అని. దించినవాడికి దించి జవాబివ్వడం పలకరింపు కన్నా పెద్ద మర్యాద. అక్కడ ప్రాణం కూడా ఉంది.

ఒకే రకం బండి అయినంత మాత్రాన చెయ్యి లేవదని చెప్పడానికి జీపు చాలు. అమెరికాలో జీపు రాంగ్లర్ ఉన్నవాడు ఎదురు రాంగ్లర్‌కు చెయ్యి ఊపకపోవడం తప్పుకింద లెక్క. రెండో ప్రపంచయుద్ధంలో సిపాయిల మధ్య పుట్టిన అలవాటని ఒక కథ చెప్పుకుంటారు. టెక్సాస్‌లో జీపు కొన్న తెలుగు ఇంజనీరు మొదటివారంలోనే, ఎవరో తెలిసినవాళ్లేమోనని తెల్లబోతూ, చెయ్యి ఊపడం నేర్చుకుంటాడు. 2020లో కెనడాలోని ఒంటారియోలో ఒకావిడ అపరిచితుడి జీపు మీద రబ్బరు బాతుబొమ్మ పెట్టి వెళ్లడంతో ఇంకో ఆచారం మొదలైంది. ఇప్పుడు డ్యాష్‌బోర్డు నిండా బాతులున్న జీపులు కనిపిస్తాయి.

అదే జీపు మన దేశానికి మహీంద్రా చేతుల మీదుగా వచ్చింది. విల్లీస్ కంపెనీ విడిభాగాలను బొంబాయి మజ్‌గావ్‌లో బిగించి 1949లో తొలి బండిని బయటికి తెచ్చారు. దాని మనవళ్లు మరాఠ్వాడా రోడ్ల మీద నలుపూ పసుపూ రంగులు వేసుకుని కాలీ పీలీలయ్యాయి. ఎస్టీ కంటే అయిదు నిమిషాలు ముందు బయల్దేరి, ఎస్టీ ఎక్కాల్సిన మనుషులను ఎక్కించుకుని, వెనక తలుపు దగ్గర ఇద్దరిని వేలాడదీసుకుని పోయే బండ్లవి. రెండు కాలీ పీలీలు ఎదురుపడితే చేతివేళ్లు పలకరించవు, లెక్క చెబుతాయి. ముందు స్టాపులో ఎందరున్నారు, ఎస్టీ ఎంత వెనక ఉంది? ఒకే దిక్కుకు పోయే రెండు కాలీ పీలీల మధ్య అయితే ఆ లెక్క కూడా ఉండదు, పందెమే. జీపువాడు ఎస్టీ డ్రైవరుకు చెయ్యి ఊపితే అది వేళాకోళమే. చేతిలో స్నేహం ఉందా లేదా అన్నది బండి ఆకారం తేల్చదు. ఒకరి సవారీ పోతే ఇంకొకరి రొట్టె పోతుందా అన్నది తేలుస్తుంది. నెల జీతం మీద బతికే ఇద్దరు కార్పొరేషను డ్రైవర్లు ధారాళంగా చెయ్యి ఎత్తగలిగేది అందుకే. ఎదురు బస్సు నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా వీళ్ల జేబుకు తేడా లేదు.

మోటారు సైకిళ్లవాళ్ల గొప్ప ఇంకోటి. 1904లో విలియం హార్లీ, ఆర్థర్ డేవిడ్‌సన్ తమ బండ్ల మీద ఎదురుపడి చేతులు ఊపుకున్నారని, ఎవరో చూసి అదొక ఆచారమనుకున్నారని అమెరికాలో చెప్పుకుంటారు. ఆ జంట తొలి యంత్రం కట్టిందే 1903లో కాబట్టి ఊపుకోవడానికి అప్పటికి బండ్లెన్ని ఉన్నాయో ఎవరికి వారు ఊహించుకోవచ్చు. అమెరికాలో బండ్లు కుడివైపు నడుస్తాయి, యాక్సిలరేటరు కుడిచేతిలో ఉంటుంది, ఎదురువాడివైపు ఉన్న ఎడమచెయ్యి ఖాళీ. అందుకే అక్కడ అది కుదిరింది. ఎడమవైపు నడిచే మన రోడ్ల మీద ఎదురువాడివైపు ఉండేది యాక్సిలరేటరు చెయ్యి. బుల్లెట్ల గుంపు నాందేడ్ రోడ్డు మీద ఎదురైతే తల ఊపి పోతారు, లేదా లైటు కొడతారు. బ్రిటన్‌లోనూ తల ఊపడమే. ఫ్రాన్సులో దారిచ్చిన కారుకు మోటారు సైకిలువాడు కాలు చాపి కృతజ్ఞత చెబుతాడు. మనవాళ్లు అది చేస్తే తగాదా ఖాయం.

ఈ దారి బస్సులు సమ్మెల వల్ల రెండుసార్లు బాగా ఎక్కువకాలం నిలిచిపోయాయి. 2019 అక్టోబరు 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. తాత్కాలిక డ్రైవర్లతో కొన్ని బస్సులు తిప్పారు. రెండేళ్లకు ఎస్టీ వంతు వచ్చింది. కార్పొరేషన్‌ను ప్రభుత్వంలో కలపాలంటూ 2021 చివర్లో మొదలైన సమ్మె బొంబాయి హైకోర్టు 2022 ఏప్రిల్ 22 గడువు పెట్టేదాకా నడిచింది. ఆర్టీసీ కార్మికుల ప్రధాన డిమాండు కూడా అదే, ప్రభుత్వంలో కలపడం. ఒకే శాఖగా ఉన్న రోజుల్లో వాళ్లు ప్రభుత్వ ఉద్యోగులే కదా. అరవై ఏళ్ల తర్వాత రెండు ముక్కలూ విడివిడిగా అదే అడగడం చరిత్రకు పట్టిన విచిత్రం. అడిగింది ఒకటే అయినా, ఒకరి సమ్మెలో ఒకరు చెయ్యెత్తే అవకాశం లేకపోయింది. ఎదురుగా రావడానికి బస్సు ఉండాలి.

సమ్మెలు ముగిశాయి, చెయ్యి మళ్లీ లేచింది. దాన్ని నిజంగా తగ్గిస్తున్నది రోడ్డు వెడల్పు. సంగారెడ్డినుంచి దెగ్లూరు, నాందేడ్ మీదుగా అకోలా వెళ్లే 161వ నంబరు జాతీయ రహదారిని చాలాచోట్ల నాలుగు వరుసలు చేశారు. మధ్యలో డివైడరు, దాని మీద గన్నేరు మొక్కలు. ఎదురు బస్సు ఉందని తెలుస్తుంది గాని అందులో ఎవరున్నారో తెలియదు. ఎవరూ మట్టిలోకి దిగాల్సిన పనిలేదు, ఎవరికీ ఎవరూ బాకీ పడరు. ప్రమాదాలు తగ్గితే అంతకన్నా కావలసిందేముంది. కాని పెద్దరోడ్డు మీంచి దిగి బిలోలి తాలూకా ఊళ్ల రోడ్లెక్కిన ఎస్టీ డ్రైవరుకు, బోధన్ మండలం ఊళ్లు తిరిగే పల్లెవెలుగు డ్రైవరుకు 3.75 మీటర్ల లెక్క ఇంకా పోలేదు. చెరకు సీజనులో రెండు ట్రాలీలు కట్టుకుని రోడ్డంతా ఊపుకుంటూ వచ్చే ట్రాక్టరు ఎదురైతే అసలే పోలేదు. టేపురికార్డరు హోరులో ఉన్న ఆ ట్రాక్టరువాడు చెయ్యి చూస్తాడని నమ్మకం కూడా లేదు.

లారీల దగ్గర మార్పు ఇంకా వేగంగా వచ్చింది. 2017 జూలై 1న జీఎస్టీతో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. 2025 అక్టోబరులో తెలంగాణ రవాణా శాఖ చెక్‌పోస్టులను కూడా ఎత్తేసింది. ముందు చెక్కుందని లైటు కొట్టాల్సిన చోట్లు సాలూరు రోడ్డు మీద అంతమేరకు తగ్గాయి. అప్పుడప్పుడు వచ్చే తనిఖీ జీపు మాత్రం మిగిలింది. అది ఎక్కడుందో వాట్సాప్ గ్రూపు ముందే చెప్పేస్తోంది. అదే అక్టోబరు 1నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలన్నిటికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి అని కేంద్రం నిబంధన పెట్టింది. నలభై అయిదు డిగ్రీల మే నెలలో ఇంజను పక్కన కూర్చునేవాడికి అది ఎప్పుడో రావాల్సిన సుఖం. అద్దం ఎక్కించుకుని కూర్చున్న కొత్త లారీ డ్రైవరు ఎదురుబండికి ఇప్పుడు డిప్పర్ కొడుతున్నాడు. కిటికీ చట్రానికి మోచెయ్యి ఆనించి, ఎండకు కుడిచెయ్యి ఒక్కటే నల్లబడిన డ్రైవర్లు ఎస్టీలోనూ పల్లెవెలుగులోనూ మాత్రం ఇంకా ఉన్నారు.